కణంలో డెంగీ ఆర్‌ఎన్‌ఏ ఉందా, అక్కడే పుడుతోందా: తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హుహ్-7 అనే మనిషి కాలేయ కణాలకు డెంగీ-2 వైరస్‌ను కణానికి 5 పీఎఫ్‌యూ (కణాల పొరలో మచ్చ చెయ్యగల వైరస్ యూనిట్లు) లెక్కన ఎక్కించారు. మామూలు ఆర్‌టీ-క్యూపీసీఆర్‌లో (ఆర్‌ఎన్‌ఏను ముందు డీఎన్‌ఏగా రాసి, అంటే ఆర్‌టీ చేసి, తర్వాత కాపీలు లెక్కపెట్టే పరీక్ష) 2 గంటలకే సీటీ 24 వచ్చింది, 24 గంటలకు 21. సీటీ అంటే సిగ్నల్ లేవడానికి పట్టిన సైకిళ్లు, అది ఎంత తక్కువైతే ఆర్‌ఎన్‌ఏ అంత ఎక్కువ. నెగటివ్ పోగు (వైరస్ జీనోమ్‌కు ఎదురుపోగు) కోసం విడిగా పరీక్ష పెడితే ఆర్‌టీ ప్రైమర్ (ఆ రాతను మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) వెయ్యని ట్యూబులో కూడా సిగ్నల్ లేచింది. జంటపోగుల ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే జె2 యాంటీబాడీ పెడితే వైరస్ సోకని కణాలు కూడా మసకగా మెరిశాయి. ఇంతకీ వైరస్ పెరుగుతోందా లేదా? ఏ పద్ధతితో గట్టిగా చెప్పాలి?

మూడు చిక్కులకూ వేరు ఒకటే. ఆర్‌ఎన్‌ఏ ఉండటం వేరు, అక్కడ కొత్తగా పుట్టడం వేరు. మామూలు పీసీఆర్ మొదటిదాన్నే చెబుతుంది. మిగతా పద్ధతులన్నీ రెండోదాన్ని పట్టుకోవడానికి వచ్చినవే. ఒక్కొక్కటీ ఒక్కో చోట మోసం చేస్తుంది కాబట్టి ఆ చోటు ఏదో తెలిస్తే తప్ప ఫలితాన్ని నమ్మకూడదు.

ముందు వైరస్ లోపల ఏం చేస్తుందో రెండు మాటలు. డెంగీ జీనోమ్ సుమారు 10.7 వేల బేస్‌ల ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ, పాజిటివ్ పోగు. ముందు చివర క్యాప్ ఉంటుంది, వెనక పాలీ-ఏ తోక ఉండదు. అంటే పాలీ-ఏ తోకకు అంటుకునే ఓలిగో-డీటీ ప్రైమర్‌తో సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏను చూసి రాసిన డీఎన్‌ఏ) చేస్తే కణం ఎంఆర్‌ఎన్‌ఏలే సరిగ్గా వస్తాయి, వైరస్ సరిగ్గా రాదు. చాలా ల్యాబుల్లో ఫ్రీజర్‌లో ఉన్న పాత సీడీఎన్‌ఏనే వాడేస్తారు, అక్కడే మొదటి తప్పు. కణంలోకి చేరిన జీనోమ్ ముందు ప్రోటీన్లు చేయించుకుంటుంది. తర్వాత ఎన్‌ఎస్5 అనే పాలిమరేజ్ దానికి ఎదురుపోగును, అంటే నెగటివ్ పోగును రాస్తుంది. ఈ నెగటివ్ పోగు విడిగా తిరగదు, పాజిటివ్ పోగుతో జంటకట్టి జంటపోగుల ఆర్‌ఎన్‌ఏగా ఉంటుంది. దాన్ని అచ్చుగా పెట్టుకుని కొత్త పాజిటివ్ పోగులు వరసగా పుడతాయి. అందుకే పాజిటివ్ పోగులు నెగటివ్ కంటే పదింతల నుంచి వందింతల దాకా ఎక్కువ. వైరస్ రేణువు లోపల ప్యాకయ్యేది పాజిటివ్ పోగే కాబట్టి, కణంలో నెగటివ్ పోగు కనిపించి అది పెరుగుతూ పోయిందంటే రెప్లికేషన్, అంటే వైరస్ తన కాపీలు చేసుకోవడం, జరిగిందనడానికి బలమైన సాక్ష్యం.

మీ 2 గంటల సీటీ 24 ఎక్కడిది

అది మీరు పోసిన వైరస్సే. లెక్క చూడండి. 10 లక్షల కణాలు, కణానికి 5 పీఎఫ్‌యూ, అంటే 50 లక్షల పీఎఫ్‌యూ. డెంగీ స్టాకులో ఒక పీఎఫ్‌యూకి వందల నుంచి వేల జీనోమ్ కాపీలుంటాయి. వెయ్యి అనుకుంటే మీరు పోసింది 500 కోట్ల కాపీలు. కడిగిన తర్వాత అందులో నూటికి ఒకటి అంటుకుని మిగిలినా 5 కోట్లు, కణానికి 50. ఇంత అడుగు మట్టం మీద 24 గంటలకు వచ్చిన 3 సైకిళ్ల తేడా అంటే 8 రెట్లు. అది నిజంగా పెరుగుదలే కావచ్చు, కానీ అంతటితో ఎవరినీ ఒప్పించలేరు.

అడుగు మట్టం తగ్గించడానికి కణానికి 0.5 నుంచి 1 పీఎఫ్‌యూకి దిగండి. 37 డిగ్రీల వద్ద గంటసేపు అంటుకోనిచ్చాక పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌తో మూడుసార్లు కడగండి. నమూనా తీసేటప్పుడు కణాలను ట్రిప్సిన్‌తో లేపి, 300 జీ వద్ద 5 నిమిషాలు తిప్పి, మళ్లీ పీబీఎస్‌తో కడిగి అప్పుడు లైజ్ చెయ్యండి, అంటే కణాలను పగలగొట్టండి. పైన అంటుకుని లోపలికి వెళ్లని వైరస్‌లో చాలా భాగం ఈ ట్రిప్సిన్‌తో పోతుంది. వెల్‌లోకి నేరుగా ట్రైజాల్ (కణాలను కరిగించి ఆర్‌ఎన్‌ఏ తీసే ద్రావకం) పోస్తే అదంతా లెక్కలోకి వచ్చేస్తుంది. నమూనాలు 2, 6, 12, 18, 24, 36, 48 గంటలకు తీస్తే గ్రాఫ్ ముందు కాస్త దిగి, తర్వాత లేస్తుంది. ఆ దిగుడు కనిపించకపోతే కడగడం సరిపోలేదన్నమాట.

కంట్రోల్‌గా అతినీలలోహిత కాంతితో చంపిన వైరస్‌ను పెట్టడం అలవాటు. దాంట్లో ఒక లోటుంది. ఆ కాంతి ఆర్‌ఎన్‌ఏనే గాయపరుస్తుంది, ఆర్‌టీలో సీడీఎన్‌ఏ రాసే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైమ్ ఆ గాయాల దగ్గర ఆగిపోతుంది. దాంతో చంపిన వైరస్ సంఖ్య అసలు కంటే తక్కువగా చదువుతుంది, మీ బతికిన వైరస్ లేనిపోని పెరుగుదల చూపిస్తుంది. దీనికంటే పాలిమరేజ్‌ను ఆపే మందు మంచి కంట్రోల్. డెంగీకి ఎన్‌ఐటీడీ008 అనే అడినోసిన్ అనలాగ్ 5 మైక్రోమోలార్ దగ్గర మొదలుపెట్టి చూడవచ్చు, వైరస్ అంటుకున్న వెంటనే కలపాలి. వైరస్ లోపలికి వెళుతుంది, జీనోమ్ అక్కడే ఉంటుంది, కొత్త పోగు మాత్రం పుట్టదు. మందు ఉన్న వెల్‌కీ లేని వెల్‌కీ మధ్య తేడాయే మీ రెప్లికేషన్. మందు కలిపిన కణాలు మామూలుగానే బతికున్నాయో లేదో వైరస్ లేకుండా ఒకసారి చూసుకోండి, లేకపోతే కణం చచ్చినందువల్ల వైరస్ తగ్గిందేమో అన్న సందేహం మిగిలిపోతుంది.

ఆర్‌ఎన్‌ఏ తీసేటప్పుడు జంటపోగు పోకుండా

6 వెల్ ప్లేటులో ఒక వెల్‌కు 1 మిల్లీలీటరు ట్రైజాల్, 200 మైక్రోలీటర్ల క్లోరోఫాం, 12,000 జీ వద్ద 4 డిగ్రీల్లో 15 నిమిషాలు. పై పొరలో 400 మైక్రోలీటర్లు తీసుకుని ఆపెయ్యండి, మధ్య పొర దాకా వెళ్లి ఆశపడితే డీఎన్‌ఏ కలుస్తుంది. ఇది అందరికీ తెలిసిందే. తెలియనిది ఏమిటంటే, ఆర్‌ఎన్‌ఏ శుభ్రంగా రావాలని కొందరు చివర్లో లిథియం క్లోరైడ్‌తో దింపుతారు. 2 మోలార్ లిథియం క్లోరైడ్‌లో పెద్ద ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ దిగుతుంది, జంటపోగుది పైద్రవంలోనే ఉండిపోతుంది. మనకు కావలసిన నెగటివ్ పోగు ఆ పారబోసే నీళ్లలో పోతుంది. నెగటివ్ పోగు వెతికే పనిలో లిథియం క్లోరైడ్ వాడకండి, ఐసోప్రోపనాల్ చాలు. 260, 230 నానోమీటర్ల కాంతిని పీల్చుకునే నిష్పత్తి (260/230) 1.5 కంటే తక్కువుంటే ట్రైజాల్‌లోని గ్వానిడిన్ మిగిలిందని అర్థం, 75 శాతం ఇథనాల్‌తో ఇంకోసారి కడగండి. ఆ మిగులు రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్‌ను నెమ్మదింపజేస్తుంది.

ప్రైమర్ లేని ట్యూబులో సిగ్నల్ ఎందుకు వస్తుంది

అది కలుషితం కాకపోవచ్చు. వైరస్ ఆర్‌ఎన్‌ఏ తనమీద తాను మడతపడి, తన చివరనే ప్రైమర్‌గా వాడుకుంటుంది. కణంలోని చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు కూడా అక్కడక్కడా అంటుకుని ప్రైమర్ పని చేస్తాయి. అలా మీరు అడగని పోగుకు కూడా సీడీఎన్‌ఏ తయారవుతుంది. తర్వాత పీసీఆర్‌లో రెండు వైపులా వైరస్ ప్రైమర్లే వేస్తే ఏ పోగు నుంచి వచ్చిందో తెలిసే దారి లేదు. పాజిటివ్ పోగులు వందింతలు ఎక్కువ కాబట్టి వాటిలో ఒక్క శాతం తప్పుగా చదివినా మీ నెగటివ్ సిగ్నల్ మొత్తం తప్పుడుదే అయిపోతుంది.

దీనికి మందు ట్యాగ్ ప్రైమర్. ఆర్‌టీ ప్రైమర్‌కు 5-ప్రైమ్ చివర 18 నుంచి 20 బేస్‌ల తోకను తగిలిస్తారు. ఆ తోక వరస వైరస్‌లోనూ మనిషి జీనోమ్‌లోనూ లేనిదై ఉండాలి. పీసీఆర్‌లో ఒకవైపు ఆ తోకకు అంటుకునే ప్రైమర్‌ను, రెండోవైపు వైరస్ ప్రైమర్‌ను వాడతారు. తనంతట తాను పుట్టిన సీడీఎన్‌ఏకి తోక ఉండదు కాబట్టి అది పెరగదు. దిశ దగ్గర జాగ్రత్త: నెగటివ్ పోగును పట్టాలంటే ఆర్‌టీ ప్రైమర్‌లో పాజిటివ్ పోగు వరస ఉండాలి, అంటే మామూలు ఫార్వర్డ్ ప్రైమర్. ఎక్కువమంది తిరగేసి వేసేది ఇక్కడే. తిరగేస్తే అద్భుతమైన సిగ్నల్ వస్తుంది, అదంతా పాజిటివ్ పోగు.

పీసీఆర్ ముక్కను జీనోమ్‌లో ఏ చోట ఎంచుకుంటారన్నది కూడా ముఖ్యం. 3-ప్రైమ్ చివరి అనువాదం కాని భాగం జోలికి పోకండి. కణంలోని ఎక్స్‌ఆర్‌ఎన్1 అనే ఎంజైమ్ వైరస్ ఆర్‌ఎన్‌ఏను ముందు నుంచి కొరుక్కుంటూ వచ్చి ఆ భాగంలోని గట్టి మడతల దగ్గర ఆగిపోతుంది. మిగిలిన 300 నుంచి 500 బేస్‌ల తునక కణంలో కుప్పగా పోగవుతుంది. అక్కడ ముక్క పెట్టుకుంటే పూర్తి జీనోమ్‌లతో పాటు ఈ తునకలనూ లెక్కపెట్టి పాజిటివ్ సంఖ్యను ఉబ్బించుకుంటారు. ఎన్‌ఎస్5 జీన్ లేదా ఎన్‌వలప్ (E) జీన్ లోపల 80 నుంచి 150 బేస్‌ల ముక్క చాలు.

ఇప్పుడు ఆర్‌టీ చేసే తీరు. 13 మైక్రోలీటర్లలో 500 నానోగ్రాముల ఆర్‌ఎన్‌ఏ, 2 పికోమోల్‌ల ట్యాగ్ ప్రైమర్, ఒక్కొక్కటీ 10 మిల్లీమోలార్ ఉన్న డీఎన్‌టీపీ మిశ్రమం 1 మైక్రోలీటరు. ఇందులో బఫర్ కలపకండి. బఫర్‌లో మెగ్నీషియం ఉంటుంది, దానితో కలిపి వేడిచేస్తే ఆర్‌ఎన్‌ఏ తునాతునకలవుతుంది. 95 డిగ్రీల్లో 3 నిమిషాలు. కిట్ కాగితంలో 65 డిగ్రీలు అని ఉంటుంది, అది ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ మడతలు విప్పడానికి సరిపోతుంది. వేల బేస్‌ల పొడవున పెనవేసుకున్న జంటపోగు 65కి విడిపోదు. నెగటివ్ పోగు దొరకలేదని వాపోయేవాళ్లలో సగం మంది ఇబ్బంది ఈ ఒక్క మెట్టులో ఉంటుంది. వేడి తర్వాత మంచులో పెట్టకుండా నేరుగా 55 డిగ్రీలకు దించండి. వేరే ట్యూబులో ముందే 55కి వేడెక్కించి ఉంచిన 7 మైక్రోలీటర్లు కలపండి: 5 రెట్ల బఫర్ 4, 0.1 మోలార్ డీటీటీ 1, ఆర్‌ఎన్‌ఏజ్ ఇన్‌హిబిటర్ 1, సూపర్‌స్క్రిప్ట్ 3 ఎంజైమ్ 1. మంచులో కలిపి తర్వాత ప్లేటును మెషీన్‌లో పెడితే, వేడెక్కేలోపు చల్లని ఉష్ణోగ్రతలోనే ప్రైమర్ దొరికినచోటల్లా అంటుకుని ఎంజైమ్ పని మొదలెట్టేస్తుంది. 55లో 45 నిమిషాలు, 70లో 15 నిమిషాలు.

తర్వాత మెట్టును వదిలేస్తే ట్యాగ్ పెట్టిన కష్టం వృథా. ఆర్‌టీలో వాడగా మిగిలిన ట్యాగ్ ప్రైమర్ పీసీఆర్ ట్యూబులోకి వస్తుంది. అక్కడ తనంతట తాను పుట్టిన సీడీఎన్‌ఏకి అంటుకుని దానికీ తోక తగిలిస్తుంది. అందుకని ఎక్సోన్యూక్లియేజ్ 1 అనే ఎంజైమ్ 20 యూనిట్లు కలిపి 37 డిగ్రీల్లో 30 నిమిషాలు ఉంచి, 80లో 20 నిమిషాలతో దాన్ని చంపండి. ఇది ఒంటిపోగు డీఎన్‌ఏను తింటుంది. మన సీడీఎన్‌ఏ ఇంకా ఆర్‌ఎన్‌ఏతో జంటగా ఉంది కాబట్టి బతుకుతుంది. దీనికి ముందు ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్ వేశారో, సీడీఎన్‌ఏ ఒంటరై అదీ తినబడుతుంది. వరస మార్చవద్దు. ఆ తర్వాత పదింతలు పలచన చేసి క్యూపీసీఆర్‌కు తీసుకెళ్లండి, ఒక్కో ప్రైమర్ 300 నానోమోలార్.

స్టాండర్డ్ (కాపీల సంఖ్య ముందే తెలిసిన కొలమానం) కోసం, డీఎన్‌ఏ అచ్చు నుంచి ఆర్‌ఎన్‌ఏ రాసే టీ7 పాలిమరేజ్‌తో పాజిటివ్, నెగటివ్ ఆర్‌ఎన్‌ఏలు రెండూ విడివిడిగా చేసుకోవాలి. కాపీల లెక్క ఇలా: 500 బేస్‌ల ఆర్‌ఎన్‌ఏ అణుభారం 500 ఇంటూ 320.5 ప్లస్ 159, సుమారు 1,60,400. 1 నానోగ్రాములో దాదాపు 375 కోట్ల కాపీలు. అక్కణ్నుంచి పదింతలు పలచన చేస్తూ 10 కోట్ల నుంచి 100 కాపీల దాకా దిగండి. పలచన చేసే నీళ్లలో ఈస్ట్ టీఆర్‌ఎన్‌ఏ కాస్త కలపకపోతే కింది మెట్లలో ఆర్‌ఎన్‌ఏ ట్యూబు గోడలకు అంటుకుపోతుంది. ఈ కాపీల లాగ్‌కు ఎదురుగా సీటీలు పెట్టి గీసిన గీత వాలు మైనస్ 3.1కి, మైనస్ 3.6కి మధ్య ఉండాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. నెగటివ్ పోగు ప్రైమర్ వేసిన ట్యూబులో 10 కోట్ల పాజిటివ్ కాపీలు మాత్రమే వేసి చూడండి. ఏమీ రాకపోతే ఆదర్శం, కానీ అలా అరుదుగా వస్తుంది. 500 నెగటివ్ కాపీలుగా చదివిందనుకుందాం. అంటే 2 లక్షల పాజిటివ్‌కి ఒక్క తప్పుడు నెగటివ్. మీ నమూనాలో 50 పాజిటివ్‌కి ఒక నెగటివ్ వస్తే దాన్ని కళ్లు మూసుకుని నమ్మవచ్చు. అదే 50 వేలకి ఒకటి వస్తే, తప్పుడు వాటా మరీ దూరంలో లేదు కాబట్టి దాని మీద వాదన కట్టకండి. ఈ ఒక్క అంకె ఇవ్వకుండా నెగటివ్ పోగు చూశామని రాసే ఫలితాన్ని ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు.

పాజిటివ్ స్టాండర్డ్‌లో తప్పుడు నెగటివ్ మరీ ఎక్కువగా వస్తుంటే పద్ధతిని తిట్టుకునే ముందు టీ7 వైపు చూడండి. టీ7 పాలిమరేజ్ చివరికొచ్చాక కొన్నిసార్లు వెనక్కి తిరిగి తను రాసినదానికే ఎదురుపోగు రాస్తుంది. ప్లాస్మిడ్‌ను 3-ప్రైమ్ వైపు పొడుచుకొచ్చేలా కోసే ఎంజైమ్‌తో కోస్తే ఈ జబ్బు ఇంకా ఎక్కువ. మొద్దు చివర లేదా 5-ప్రైమ్ వైపు పొడుచుకొచ్చే కోత వాడండి, డీఎన్‌ఏజ్ రెండుసార్లు వెయ్యండి, ఆర్‌ఎన్‌ఏను యూరియా జెల్‌లో నడిపి సరైన పొడవున్న బ్యాండును మాత్రమే కోసి తీసుకోండి.

నార్మలైజేషన్‌కు, అంటే నమూనాలను ఒకే కొలతకు తేవడానికి, కణం సొంతవైన జీఏపీడీహెచ్, యాక్టిన్ జీన్‌ల మీద మరీ ఆధారపడకండి. వైరస్ సోకిన కణంలో 36, 48 గంటలకు వాటి మట్టమే కదిలిపోతుంది. ఆర్‌టీలో వేసిన ఆర్‌ఎన్‌ఏ బరువుకు ఇన్ని కాపీలు, లేదా లెక్కపెట్టిన కణానికి ఇన్ని కాపీలు అని ఇవ్వండి.

జె2: మసక మెరుపు ఎక్కడిది

జె2 అనేది 1991లో వెలువడిన ఎలుక మోనోక్లోనల్ యాంటీబాడీ. వరస ఏదైనా సరే, 40 బేస్ జతల కంటే పొడవున్న జంటపోగు ఆర్‌ఎన్‌ఏను పట్టుకుంటుంది. ఏ వైరస్ అన్నది దానికి పట్టదు, అదే దాని బలం, అదే బలహీనత. మైటోకాండ్రియాలో డీఎన్‌ఏ రెండు పోగుల నుంచీ ఆర్‌ఎన్‌ఏ రాయబడుతుంది కాబట్టి వైరస్ లేని కణంలో కూడా అక్కడ జంటపోగు కొంత ఉంటుంది. మీ సోకని కణాల్లో కనిపించినది అదే కావచ్చు. టామ్20 లాంటి మైటోకాండ్రియా గుర్తుతో కలిపి రంగు వేస్తే రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయో లేదో తేలిపోతుంది. డెంగీది వేరుగా ఉంటుంది: 24 గంటలకు కేంద్రకం చుట్టూ, ముఖ్యంగా ఒక పక్కన, ఇసుక చల్లినట్టు గట్టి చుక్కల గుంపు. కణం అంతటా సమంగా పరుచుకున్న పొగ లాంటి మెరుపైతే అది నేపథ్యమే. జె2ని పట్టుకునే, రంగు తగిలించిన సెకండరీ యాంటీబాడీ ఒక్కదానితోనే అదే పొగ వస్తే బ్లాకింగ్ సరిచూసుకోండి.

12 మిల్లీమీటర్ల కవర్‌స్లిప్ మీద కణాలకు 4 శాతం పారాఫార్మాల్డిహైడ్ 20 నిమిషాలు, పీబీఎస్‌తో 3 కడుగులు, 0.2 శాతం ట్రైటాన్ ఎక్స్-100 10 నిమిషాలు, ఆర్‌ఎన్‌ఏజ్ లేని 3 శాతం బీఎస్‌ఏలో గంట. పాలపొడి, సీరం వాడకండి, వాటిలో ఆర్‌ఎన్‌ఏజ్ ఉంటుంది. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్న జె2ని 500 రెట్లు పలచన చేసి మొదలుపెట్టి 200కీ, 1000కీ కూడా ఒకసారి చూసుకోండి. సోకని కణాలకీ సోకిన కణాలకీ ఎక్స్‌పోజర్ ఒకటే ఉండాలి. ఆటో ఎక్స్‌పోజర్ పెట్టి ఫొటో తీస్తే సోకని కణాన్ని కెమెరాయే మెరిపిస్తుంది.

పొరలను తెరిచే డిటర్జెంటైన ట్రైటాన్ సంగతి ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, డెంగీ కుటుంబపు వైరస్‌లు తమ జంటపోగును ఎండోప్లాస్మిక్ రెటిక్యులం పొరలు లోపలికి ముడుచుకుని ఏర్పడిన బుడగల్లో దాచుకుంటాయి. బెంగళూరు ఐఐఎస్‌సీ శాస్త్రవేత్తలు 2003లో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వంటి వైరస్‌ల రెప్లికేషన్ సముదాయాలను న్యూక్లియేజ్, ప్రోటియేజ్, డిటర్జెంట్లతో పరీక్షించి, అవి పొరల గూళ్లలో భద్రంగా ఉన్నాయని చూపించారు. డెంగీలో ఈ బుడగలు 80 నుంచి 90 నానోమీటర్ల వెడల్పుంటాయి. డిజిటోనిన్ అనే మెత్తని డిటర్జెంట్ కణం బయటి పొరనే తెరుస్తుంది, బుడగ తెరుచుకోదు, జె2 లోపలికి పోదు. సాపోనిన్ వాడినా కొన్నిసార్లు ఇదే గతి. అదే కారణంతో, డిజిటోనిన్ వేసినప్పుడు కనపడకుండా ట్రైటాన్ వేసినప్పుడు కనపడిందంటే జంటపోగు గూట్లోనే ఉందన్న అదనపు సమాచారం మీకు చిక్కినట్టే.

మెరిసేది ఆర్‌ఎన్‌ఏయే అని రుజువు చెయ్యడానికి రెండు కవర్‌స్లిప్పులు ఎక్కువ పెట్టండి. ట్రైటాన్ తర్వాత ఒకదానికి ఆర్‌ఎన్‌ఏజ్ 3, ఇది జంటపోగునే కోస్తుంది, మెరుపు పోవాలి. ఇంకోదానికి 350 మిల్లీమోలార్ ఉప్పులో ఆర్‌ఎన్‌ఏజ్ ఏ, అంత ఉప్పులో ఇది ఒంటిపోగునే కోస్తుంది, మెరుపు నిలవాలి. ఉప్పు తగ్గితే ఆర్‌ఎన్‌ఏజ్ ఏ జంటపోగును కూడా కోసేస్తుంది కాబట్టి బఫర్ మీరే కలుపుకోండి.

ఇంకో ఉచ్చు. వైరస్ ప్రోటీన్‌ను కూడా కలిపి చూపాలని చాలామంది వైరస్ ఎన్‌వలప్ ప్రోటీన్‌ను పట్టే 4జీ2 యాంటీబాడీని తోడు తెస్తారు. 4జీ2, జె2 రెండూ ఎలుకవే, రెండూ ఐజీజీ2ఏ అనే ఒకే తరగతివి. ఏ సెకండరీ కూడా వాటిని విడదీయలేదు, రెండు రంగులూ ఒకే చోట పడి కమ్మగా కలిసినట్టు కనిపిస్తుంది. వైరస్ ప్రోటీనైన ఎన్‌ఎస్3కి కుందేలు యాంటీబాడీ తీసుకోండి. మాక్రోఫేజ్ జాతి కణాల్లో పనిచేస్తే కణం మీద యాంటీబాడీ తోకను పట్టే ఎఫ్‌సీ రిసెప్టర్లు ఎలుక ఐజీజీ2ఏని పట్టేసుకుంటాయి, ముందుగా మనిషి ఐజీజీతో బ్లాక్ చెయ్యాలి. ఇన్‌ఫ్లుయెంజా వంటి నెగటివ్ పోగు వైరస్‌లకు జె2 పనికిరాదు, వాటిలో జంటపోగు గుర్తించేంతగా పోగవదు. అక్కడ సిగ్నల్ రాలేదంటే రెప్లికేషన్ లేదని కాదు.

పుడుతుండగా పట్టడం, ఒక్కొక్క అణువును చూడటం

జె2 కూడా ఉన్నదాన్నే చూపిస్తుంది. ఈ గంటలో పుట్టినదాన్నే చూడాలంటే కొత్తగా పుట్టే ఆర్‌ఎన్‌ఏలో చేరిపోయే ఈయూ అనే 5-ఇథైనైల్ యూరిడిన్ ఉంది. ముందు ఆక్టినోమైసిన్ డీ మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాములు 30 నిమిషాలు ఇచ్చి కణం సొంత ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపుతారు. అది డీఎన్‌ఏ అచ్చు మీద పనిచేసే పాలిమరేజ్‌లను ఆపుతుంది, ఆర్‌ఎన్‌ఏ అచ్చు మీద పనిచేసే వైరస్ పాలిమరేజ్‌ను వదిలేస్తుంది. మందు అలాగే ఉంచి 1 మిల్లీమోలార్ ఈయూ గంటసేపు ఇచ్చి, ఫిక్స్ చేసి, రాగి సహాయంతో ఎజైడ్ రంగును అంటిస్తారు. వైరస్ లేని కణంలో మందు వేసిన తర్వాత కేంద్రకంలోని న్యూక్లియోలస్ చుక్కలు ఆరిపోయాయా లేదా ముందు చూడండి. అవి వెలుగుతూనే ఉంటే మందు పాతబడింది లేదా చాలలేదు. రాగి, ఆస్కార్బేట్ కలిసి ఆర్‌ఎన్‌ఏను కొరుకుతాయి కాబట్టి టీహెచ్‌పీటీఏ అనే లిగాండ్‌ను రాగికి 5 రెట్లు కలపండి. ఆస్కార్బేట్ అప్పటికప్పుడు కరిగించినదే వాడాలి, పసుపు తిరిగితే పారబొయ్యండి. ఆక్టినోమైసిన్ ఎక్కువసేపు ఉంటే కణం చస్తుంది, మొత్తం రెండు గంటలు దాటనివ్వకండి.

డీఎన్‌ఏ వైరస్‌లకు ఇదే పని, కొత్త డీఎన్‌ఏలో చేరే ఈడీయూ చేస్తుంది, 10 మైక్రోమోలార్. అలాంటి పాత గుర్తైన బీఆర్‌డీయూకి లాగా ఆమ్లంతో డీఎన్‌ఏ పోగులు విప్పే బాధ లేదు. వ్యాక్సినియా అయితే కేంద్రకం బయటే డీఎన్‌ఏ చేసుకుంటుంది కాబట్టి డీఎన్‌ఏకు అంటుకునే మామూలు డాపీ రంగుకే సైటోప్లాజంలో మచ్చలు కనిపిస్తాయి. అయితే కల్చర్‌లో మైకోప్లాస్మా ఉన్నా కేంద్రకం బయట డాపీ చుక్కలు వస్తాయి, ముందు దాన్ని పరీక్షించుకోండి.

ఏ కణంలో ఎన్ని పోగులున్నాయో చూడాలంటే ఫిష్ (FISH), అంటే రంగు తగిలించిన చిన్న డీఎన్‌ఏ ప్రోబ్‌లను కణంలోని ఆర్‌ఎన్‌ఏకు అంటించి చూసే పద్ధతి. 20 బేస్‌ల ప్రోబ్‌లు 48 దాకా, ఒక్కొక్కదానికి ఒక రంగు అణువు. 10 శాతం ఫార్మమైడ్, 2 రెట్ల ఎస్‌ఎస్‌సీ, డెక్స్‌ట్రాన్ సల్ఫేట్‌తో 37 డిగ్రీల్లో రాత్రంతా. ఒక్కో ప్రోబ్ విడిగా కనపడదు, ఎక్కువ ప్రోబ్‌లు ఒకే అణువు మీద చేరినప్పుడే చుక్క అవుతుంది, అందుకే తప్పుడు చుక్కలు తక్కువ. పాజిటివ్ పోగుకు ఇది నేరుగా పనిచేస్తుంది. నెగటివ్ పోగు జంటలో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి ప్రోబ్ దరిచేరదు, ముందుగా ఫార్మమైడ్‌లో వేడిచేసి విప్పాలి. ఎంత వేడి, ఎంతసేపు అన్నది మీ కణాలతోనే తేల్చుకోవాలి, ఎక్కువైతే కణం ఆకారమే పోతుంది. విప్పిన కవర్‌స్లిప్, విప్పనిది పక్కపక్కన పెట్టండి. విప్పకుండానే నెగటివ్ సిగ్నల్ బలంగా వస్తే ప్రోబ్ దేనికో అంటుకుంటోందని అనుమానించండి. రెండు పోగులకూ ఒకేసారి ప్రోబ్‌లు వెయ్యాలంటే జీనోమ్‌లో వేర్వేరు భాగాలు ఎంచుకోండి, ఒకే భాగానివైతే ప్రోబ్‌లు ఒకదానికొకటి అంటుకుని కూర్చుంటాయి. మరో మాట: ప్రోటోకాల్ కాగితాల్లో గది ఉష్ణోగ్రత అంటే 22 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో ఏసీ ఆగిపోయిన గది 35 దాటుతుంది. ఫార్మమైడ్ కడుగుడును గది వేడికి వదిలేస్తే ఫలితం రోజుకో తీరుగా మారుతుంది. వాటర్‌బాత్‌లో ఉష్ణోగ్రత నిలిపి కడగండి.

మీ దగ్గరున్నదానితో ఇప్పుడు చెయ్యాల్సిన వరస ఇది. ముందు కణానికి 1 పీఎఫ్‌యూతో, ఎన్‌ఐటీడీ008 ఉన్న వెల్, లేని వెల్ పెట్టి మామూలు క్యూపీసీఆర్. అది తేడా చూపాకే ట్యాగ్ ప్రైమర్ తెప్పించండి, చూపకపోతే స్టాకు టైటర్ (మిల్లీలీటరుకు ఎన్ని పీఎఫ్‌యూ అన్నది) మళ్లీ చూడాలి. నెగటివ్ పోగు 6 నుంచి 12 గంటల మధ్య కనిపించడం మొదలై, మందు ఉన్న వెల్‌లో లేకుండా ఉంటే, జె2 ఒక్క 24 గంటల దగ్గర చూపిస్తే చాలు. ఈయూ, ఫిష్ రెండూ ఖరీదు, మీ ప్రశ్నకు అవి తప్పనిసరి కాదు. ఏ కణం ఎప్పుడు మొదలుపెట్టింది, ఎక్కడ మొదలుపెట్టింది అన్న ప్రశ్న వచ్చినప్పుడు వాటి దగ్గరికి వెళ్లండి.

ట్రైజాల్, లైసిస్ బఫర్ల వ్యర్థంలో వైరస్ ఉందని భయపడి బ్లీచ్ పొయ్యకండి. గ్వానిడిన్ థయోసయనేట్, బ్లీచ్ కలిస్తే విషవాయువులు వస్తాయి. ఆ వ్యర్థానికి వేరే సీసా, మీద పేరు రాసి, ఫ్యూమ్‌హుడ్‌లో ఉంచండి. కల్చర్ మీడియాకి మాత్రమే బ్లీచ్.